బీరువాలో రౌటర్

సోమవారం
నా కవితల పుస్తకానికి ముందుమాట రాస్తానని తోడల్లుడు మాటిచ్చి ముప్పయ్యేళ్లయింది. ఇంకా రాస్తూనే ఉన్నాడు. చూసి చూసి అది లేకుండానే అచ్చేయించాను. ఈ ఆదివారం ఆయనగారి పుస్తకం మీద ఆన్‌లైన్ సభ. నాకూ ఐదు నిమిషాలిచ్చారు. చాలు! కడిగిపారేస్తాను.

అడ్డు ఒక్కటే. నా గదిలో కంప్యూటర్‌కు వైఫై అందడం లేదు. మా ఇంట్లో ఇలాంటివి చక్కబెట్టేది తోడల్లుడే. చచ్చినా అడగను. నేనే బాగుచేస్తాను! ఇన్ని గ్రంథాలు చదివినవాణ్ణి, ఒక డబ్బా సంగతి తేల్చలేనా?

మంగళవారం
కంప్యూటర్ ఆపి, మళ్లీ వేశాను. రాలేదు. తప్పు రౌటర్‌ది కాదు. దాని దీపాల మిణుకులు చదువుకోనివ్వడం లేదని పోయిన వారమే ఇనప బీరువాలో, అమ్ముడుపోని నా పుస్తకాల కట్టల వెనక పెట్టి తలుపేశాను. దుమ్ము కూడా పడదు.

మా ఆవిడ మాత్రం బీరువాకు వీపు ఆనించి ఫోన్ చూసుకుంటోంది. ఏమిటో ఆ అలవాటు.

బుధవారం
సమస్య ఏమిటని కంప్యూటర్‌నే అడిగాను. చాలాసేపు ఆలోచించి, వివరాలకు ఇంటర్నెట్‌లో చూడమంది. అది ఉంటే నిన్నెందుకు అడుగుతానే!

గురువారం
ముట్టుకోలేదు. ఉపన్యాసం ముఖ్యం. రెండు తిట్లు బాగా కుదిరాయి.

శనివారం
మా ఆవిడ ద్రోహం చేసింది. తోడల్లుడికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, రౌటర్ ఎక్కడుంది?"

"ఇంట్లోనే."

"ఇంట్లో ఎక్కడ?"

"భద్రంగా ఉందిలేవయ్యా."

"బీరువాలో పెట్టి తలుపేశారు మరిదిగారూ!" వంటింట్లోంచి కేక.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "బయట పెట్టండన్నయ్యా. మీరు మాట్లాడకపోతే అది సభే కాదు."

ఆయన చెప్పాడు కాబట్టి పెట్టను.

ఆదివారం
సభ మొదలయ్యాక కూడా కాసేపు బింకంగా కూర్చున్నాను. తర్వాత బీరువా తెరిచి కట్టలు దించడం మొదలుపెట్టాను. నడుం పట్టేసింది.

"నాలుగైనా అమ్ముడుపోయుంటే ఈపాటికి అయిపోయేది," అంది మా ఆవిడ.

రౌటర్ బయటికి రాగానే కంప్యూటర్ కలిసింది. తెర మీద తోడల్లుడు, సభ చివరి మాటల్లో ఉన్నాడు: "అన్నయ్య పుస్తకానికి ముందుమాట ఎగ్గొట్టినవాణ్ణి నేను. ఇవాళ అందరి ముందూ ఆయన నన్ను కడిగేస్తారని ఎదురుచూశాను."

చప్పట్లు. సభ సమాప్తం. నా ఐదు నిమిషాలూ ఆయనే మాట్లాడేసుకున్నాడు!

సోమవారం
వచ్చే నెల ఇంకో సభ ఉందట. ఈసారి ఎవరినీ అడిగేది లేదు, ఎవరి సలహా వినేది లేదు. దీపాలు కంట్లో పడుతున్నాయని రౌటర్‌ను మళ్లీ బీరువాలో పెట్టి, కట్టలు సర్దేశాను. వైఫై పోయింది.

ముందుమాట ఉంటే ఈ కట్టలు అమ్ముడుపోయేవి. ఇవి లేకపోతే ఇనుములోంచైనా ఆ సిగ్నల్ వచ్చేది. ఎటు తిప్పి చూసినా దీనికంతటికీ కారణం ఒక్కడే. నా తోడల్లుడు.