భడభడ కారు, మాటల్లేని బావ

విడపనకల్లు

బావమరిది తిప్పేష్‌కు,

నీ బావ ఓబుళేసు రాయునది. ఇక్కడ మేం క్షేమం. నువ్వు అంటగట్టిన కారు మాత్రం క్షేమంగా లేదు.

మీ ఊరి దేవర జాతరలో ఇంటల్లుడికి పెట్టాల్సిన తలకాయ కూర నీ ఫ్యాక్టరీ మేనేజరు విస్తట్లో వేయించావు. ఆ రోజే నీతో మాట్లాడనని ఒట్టేసుకున్నాను. ఒట్టు మాటలకే, ఉత్తరాలకు లేదు. అందుకే ఫోను పక్కనే ఉన్నా పెన్ను పట్టాను.

కారు వెనక గొట్టం నుంచి మూడు రకాల శబ్దాలు వస్తున్నాయి. స్టార్ట్ చేస్తే గలగల. వేగం పెంచితే భడభడ. కాలు తీస్తే ఠాప్. నిన్న సాయంత్రం రోజూలాగే చేను దాకా పోయి, గట్టు చుట్టూ ఒక తిప్పు తిప్పి ఇంటికొచ్చేసరికి మీ అక్క లక్ష్మీదేవి చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. ఇంత మేళం ఉన్న సంగతి అమ్మేటప్పుడే చెప్పి ఉంటే పెళ్లిళ్లకు బాడుగకు తిప్పుకునేవాడిని కదా.

ఇట్లు,
మాటల్లేని నీ బావ
ఓబుళేసు

తా.క. రెండేళ్ల కరువు తర్వాత ఈ ఏడే శనక్కాయ చేను పచ్చగా ఉంది. మాకు ఈ పంటే దిక్కు. ఊళ్లో అందరి చేలనూ అడవి పందులు తవ్వేస్తున్నాయి, నా చేను తప్ప. దిష్టిబొమ్మకు నీ పాత చొక్కా తొడిగాను లే.

తాడిపత్రి

మహారాజశ్రీ బావగారికి,

తిప్పేష్ నమస్కరించి రాయునది. మాటలు లేవు కాబట్టి మర్యాదగా ‘మీరు’ అంటున్నాను, కంగారు పడకండి.

నా దగ్గరున్నన్నాళ్లూ ఆ కారు నోరు ఎత్తి ఎరగదు. మీ దగ్గరికి వచ్చాకే ఇలా తయారైంది. సావాస దోషం కావచ్చు.

మా మెకానిక్ జయరాజును అడిగాను. గలగల అంటే కింద వేడికి అడ్డంగా ఉండే రేకు వదులైందట. భడభడ అంటే సైలెన్సరుకు చిల్లు. ఠాప్ అంటే ఆ చిల్లు పెద్దది. ఎక్కడుందో తెలియాలంటే ఇంజను ఆన్‌లో పెట్టి, వెనక గొట్టానికి మందపాటి గుడ్డ అడ్డం పెట్టండి. కింద ఎక్కడ బుస్సుమంటే అక్కడే చిల్లు.

మీ విధేయుడు
తిప్పేష్

తా.క. “గుడ్డ అడ్డం పెడితే మీ బావ నోరు కూడా ఆగుతుందా?” అని అక్క ఫోనులో అడిగింది. జయరాజును కనుక్కుని చెబుతానన్నాను.

విడపనకల్లు

తిప్పేష్‌కు,

ఊరంతా చూస్తుండగా నీ పరీక్ష కూడా అయింది. నేను తువ్వాలు మడతపెట్టి గొట్టానికి అదిమాను. పక్క చేను ఎర్రన్న కారు కిందికి దూరి చెవి పెట్టాడు. బుస్సుమంది. చిల్లు సరిగ్గా ఎర్రన్న ముఖానికి ఎదురుగానే దొరికింది. మసి పూసుకుని బయటికొచ్చిన మనిషిని వాళ్ల కుక్కే గుర్తుపట్టలేదు.

“ఏమప్పా ఓబుళేసూ, నీ కారు సప్పుడుకు మా బర్రె పాలియ్యకుండా తంతాండాది. కొత్త సైలెన్సరు ఏయించుకోప్పా. మీ బామ్మర్ది ఆడ తాడిపత్రిలో దొర మాదిరి ఉండాడు గదా!” అన్నాడు.

వాడి చేను సగం పందులే తినేశాయి. ఆ ఏడుపు పక్కనపెట్టి నా కారు గురించి బాధపడుతున్నాడు. నీకంటే పరాయివాడే నయం.

ఇట్లు,
ఓబుళేసు

తా.క. తువ్వాలు కాలిపోయింది. దేవరకు నువ్వు పెట్టిన తువ్వాలే కాబట్టి నాకేమీ బాధ లేదు.

తాడిపత్రి

బావగారికి,

ఒక బర్రె ఉసురు మా వంశానికి తగలడం నాకు ఇష్టం లేదు. జయరాజు చేత కొత్త సైలెన్సరు పంపుతున్నాను. అతను బిగించాక ఇంజను నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాల్సిందే. ఆ తర్వాత కూడా శబ్దం వస్తే అది కారుది కాదు, మీది.

మీ విధేయుడు
తిప్పేష్

తా.క. నన్ను పొగడాలనిపిస్తే ఉత్తరం చాలు. ఒట్టు తప్పకండి.

విడపనకల్లు

ఒరే తిప్పేషూ,

నా కొంప ముంచావు. కారు ఇప్పుడు చప్పుడు లేకుండా పోతోంది, పందులు మాత్రం చప్పుడు చేస్తూ వస్తున్నాయి. జయరాజు వెళ్లిన మర్నాడే చేన్లో పడ్డాయి. పొద్దున పోయి చూస్తే తూర్పు పక్కంతా దున్నేసినట్టు ఉంది. నీ చొక్కా తొడుక్కున్న దిష్టిబొమ్మ బోర్లా పడి ఉంది. దాని మీద ఒక పంది పడుకుని ఉంది. ఇన్నాళ్లూ అవి పారిపోయింది నీ చొక్కాకు కాదు, నా కారు భడభడకే.

మీ అక్క గట్టు మీద కూర్చుని, “రెండేండ్లకు ఒక్క పంట కండ్ల జూస్తిమి, అదీ పందుల పాలాయె” అని ఏడుస్తోంది. నాకూ ఏడుపొస్తోంది. నిన్ను తిట్టుకుంటూ ఆపుకుంటున్నాను. నా పాత సైలెన్సరు నాకు పంపు.

ఇట్లు,
ఓబుళేసు

తా.క. విచిత్రం ఏమిటంటే, ఈ వారం ఎర్రన్న చేన్లో ఒక్క పందీ లేదు. ఏ దిష్టిబొమ్మ పెట్టాడో కనుక్కోవాలి.

తాడిపత్రి

బావా,

ఇక ‘మీరు’ వద్దులే. చేను సంగతి చదివాక నాకు నవ్వు రాలేదు.

పాత సైలెన్సరు నా దగ్గర లేదు. జయరాజు దాన్ని మీ ఊళ్లోనే పారేయబోతుంటే ఎర్రన్న అడిగి తీసుకున్నాడట. తన పాత జీపుకు వెల్డింగ్ చేయించుకుని, రోజూ సాయంత్రం నువ్వు ఇంటికి పోయాక గట్టు చుట్టూ ఒక తిప్పు తిప్పుతున్నాడట. అక్కడ బెదిరిన పందులే నీ చేన్లోకి వస్తున్నాయి. ఇక బర్రె సంగతి అంటావా, ఎర్రన్న దాన్ని పోయిన కరువులోనే అమ్మేశాడని అక్క చెప్పింది. అమ్మిన రోజు సంతకు తోడు పోయింది నువ్వేనట.

దిగులుపడకు, మిగిలిన చేను కాపాడుకుందాం. కొత్త సైలెన్సరుకు జయరాజు చిల్లు వేస్తాడు. అయితే ఎంత చిల్లు వేస్తే నీ భడభడ వస్తుందో ఉత్తరం చదివి చెప్పలేడట. ఎవరైనా ఎదురుగా నిలబడి, ఆ శబ్దం నోటితో చేసి వినిపించాలట. ఇది అందగానే కారేసుకుని రా. ఈసారి తలకాయ కూర నీ విస్తట్లో నేనే వడ్డిస్తాను.

నీ బావమరిది
తిప్పేష్

తా.క. ఇప్పుడే అక్క ఫోన్ చేసింది. పొద్దుగూకితే నువ్వు చేను గట్టున భడభడ, భడభడ అని అరుస్తూ తిరుగుతున్నావట. పందులు కాస్త వెనక్కి తగ్గాయట గానీ, ఠాప్ ఇంకా కుదరలేదట. వచ్చేలోగా అది కూడా సాధన చెయ్యి. ఒట్టు గురించి బెంగ వద్దు బావా, భడభడ మాటల కిందికి రాదు.