నీ పలక గిటారు, నేనాడిన అబద్ధం

వందనాలు బాబాయ్,

నువ్వు వెళ్ళి పదకొండు నెలలైంది. సమాధుల తోట దాకా రెండుసార్లు వచ్చాను. రెండుసార్లూ గేటు దగ్గరే ఆగి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాను. నువ్వు అక్కడ లేవని తెలుసు... అయినా నీ పేరు చెక్కిన రాయి ముందు నిలబడితే నోరు విప్పాల్సి వస్తుందని భయమేసింది. కాగితమైతే నా మొహం చూడదు కదా. అందుకే ఉత్తరం.

పిన్ని బాగానే ఉంది. మోకాళ్ళ నొప్పులంటుంది కానీ ఆదివారం చర్చిలో ముందు వరుస మాత్రం వదలదు. పాలిషింగ్ ఫ్యాక్టరీలో నీ మిషన్ దగ్గరికి కారంపూడి మనిషి ఒకాయన వచ్చాడు. నేను ఇంకా అదే ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్లు చెప్తున్నాను. ఇవన్నీ నీకు కావలసిన కబుర్లేనా? కాదు. చెప్పాల్సింది వేరే ఉంది, దాని చుట్టూ తిరుగుతున్నాను.

మొదటినుంచీ చెప్తాను. నీకు తెలిసిందే. కానీ నీ దగ్గర నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

మన మధ్య చుట్టరికం లేదు. మీ ఇంటికి మూడిళ్ళ అవతల మా ఇల్లు, అంతే. డిగ్రీలో రెండు పేపర్లు పోయి, మాచర్ల స్టేషన్ రోడ్డులో ఊరికే తిరుగుతున్న నన్ను నువ్వే పిలిచావు. "ఒరేయ్ సునీలూ, చేతులు ఖాళీగా ఉంటే మనసు పాడయిద్దిరా. రా, తీగలు పట్టుకో" అన్నావు. పగలంతా నాపరాళ్ళు నున్నగా చేసి, కనుబొమ్మల దాకా తెల్లటి పొడితో ఇంటికొచ్చేవాడివి. నీళ్ళు పోసుకుని, వసారాలో కూర్చుని గిటారు ఒళ్ళోకి తీసుకునేవాడివి. విజయపురి సౌత్‌లో ప్రాజెక్టు ఇంజనీరు ఒకాయన బదిలీ మీద వెళ్తూ నీకిచ్చి పోయిన గిటారు అది.

బల్లపరుపుగా ఉండేది. వంపులు లేవు. ఒక పక్క మాత్రం చెయ్యి దూరడానికి కోసిన గాటు. తీగల మోతను పట్టే పికప్‌లు రెండే, తిప్పే మరలు రెండే. రంగు వెలిసి ముదిరిన నెయ్యిలా అయింది. పేరు నేనే పెట్టాను, పలక అని. మొదట వెక్కిరింపుగానే పెట్టాను బాబాయ్. నువ్వు నవ్వి, ఆ పేరే ఉంచేసుకున్నావు.

నాకు కొమ్ముల గిటారు ఇష్టం. పైనొక కొమ్ము, కిందొక కొమ్ము, నడుమున సన్నటి వంపు. పొట్టకు ఆనుకునే చోట చెక్క లోపలికి చెక్కి ఉంటుంది, మనిషి కొలతలు తీసుకుని కుట్టినట్టు. మూడు పికప్‌లు. స్వరాన్ని వణికించడానికి చిన్న కడ్డీ. అంచుల్లో నల్లగా, మధ్యలో పసుపుగా, పొద్దుగూకే వేళ ఆకాశంలా రంగు. ఉద్యోగం వచ్చాక మొట్టమొదట కొన్నది అదే.

టీ కొట్టు దగ్గర ఎన్ని సాయంత్రాలు వాదించుకున్నాం! ఏ గిటారు గొప్పదని. లావు పొట్టతో, చిక్కటి గొంతుతో పలికే బరువు గిటారు గురించి నువ్వు, "అన్నం తిని కునుకు తీసే పెద్దమనిషిరా అది, మాట బాగానే ఉంటది గానీ లేవదు" అనేవాడివి. యువజన కూటాలకు గుంటూరు నుంచి ఎవరో బాణం మొన లాంటి గిటారు తెస్తే, నీకు ఒకటే అభ్యంతరం. "ఒళ్ళో నిలవని గిటారు గిటారేందిరా?"

మరి నీ పలకలో ఏముందని అడిగితే... "దీంట్లో దాక్కోటానికి చోటు లేదురా. తప్పు కొడితే తప్పే వినపడద్ది. మంచి రాయిని వేలితో కొడితే ఖంగుమంటది చూడు, అట్టాంటిది ఇది" అన్నావు. మరి నాది మంచిది కాదా అంటే, "ఎందుక్కాదు? నీ చెయ్యి దానిమీద సుఖపడతంది. ఇష్టానికి తప్పొప్పులేందిరా" అన్నావు.

నా గిటారును మొదటిసారి చర్చికి తెచ్చిన రోజు గుర్తుందా? సంఘపెద్ద ఒకాయన, "దేవుడి సన్నిధిలో కొమ్ములేందయ్యా" అని అడ్డం పడ్డాడు. నువ్వు లేచి నిలబడి, "పొట్టేలుకీ కొమ్ములే గదయ్యా! కొడుక్కి బదులు బలియ్యటానికి అబ్రహాముకి పొదలో దొరికింది ఏంది మరి?" అన్నావు. ఆయన కూడా నవ్వేశాడు. ఆ రోజు నా గిటారు పక్షాన నువ్వు మాట్లాడావు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు చెవులు వేడెక్కుతాయి ఇప్పుడు.

తర్వాత మన సంఘం పాట రికార్డు చేయడానికి నరసరావుపేట వెళ్ళాం. ఒకే గది ఉన్న చిన్న స్టూడియో. రెండు చరణాల మధ్య వచ్చే గిటారు బిట్ నేను వాయించాలి. వారం ముందు నుంచే ఊరంతా చెప్పుకున్నాను. తీరా అక్కడ కూర్చున్నాక... కడ్డీ వంచిన ప్రతిసారీ శృతి తప్పింది. తప్పు కడ్డీది కాదు, నాది. పదిహేనుసార్లు వాయించాను. స్టూడియో అతను గడియారం చూడటం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం అన్నాల తర్వాత నువ్వు మెల్లగా, "నేనొకసారి చూడనా?" అన్నావు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, వంత పాడటానికి వచ్చినవాడివి నువ్వు. పలకను ఎందుకు వెంట తెచ్చావో... నా మీద నమ్మకం లేకనా? నాకేమైనా అయితే ఆదుకోవాలనా? ఎప్పుడూ అడగలేదు.

ఒక్కసారి వాయించావు. ఒక్కటే. స్టూడియో అతను ఇక చాలని మిషన్ ఆపేశాడు.

బయటికొచ్చాక నా మొహం చూసి, "పేరు ఎవురిదైతే ఏందిరా, పాట బయటికి పోవాల గదా" అన్నావు. నన్ను ఊరడించడానికి అన్న మాట. దాన్ని నేను అనుమతిగా తీసుకున్నాను.

వీడియో తీసినప్పుడు సాగర్ గట్టు మీద నా కొమ్ముల గిటారు పట్టుకుని, కళ్ళు మూసుకుని, నీ బిట్‌కు నా వేళ్ళు కదిపాను. కింద లీడ్ గిటారు అని నా పేరు వేశారు. నేనే వేయించాను బాబాయ్. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఆ పాట ఊళ్ళు దాటింది. గురజాల నుంచి, పిడుగురాళ్ళ నుంచి కూటాలకు పిలిచారు. అందరిదీ ఒకటే ప్రశ్న, ఆ సౌండ్ ఎట్టా వచ్చిందని. నేను నా మూడు పికప్‌ల గురించి చెప్పేవాణ్ణి. అంతటితో ఆగితే బాగుండేది. కొత్తగా గిటారు కొనేవాళ్ళ కోసమని ఫోన్‌లో ఒక వీడియో చేసి పెట్టాను. ఏ ఆకారం కొనాలి, ఎందుకు కొనాలి... అందులో పలక లాంటి గిటార్లు పాతకాలం సరుకని, గీరినట్టు పలుకుతాయని, "మా పాటలో విన్న సౌండ్ ఈ జన్మకి దాంట్లో రాదు" అని నవ్వుతూ చెప్పాను.

నువ్వు చూశావు. ఫ్యాక్టరీలో ఎవరో చూపించారట. మర్నాడు సాయంత్రం టీ గ్లాసు నా చేతికిస్తూ, "బాగా చెప్పావురా. అయితే కొత్తవాళ్ళకి ఆ కడ్డీ గురించి చెప్పబాక. శృతి నిలవదు, పాపం బెంగపడతారు" అన్నావు. అంతే. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఎందుకు తిట్టలేదు బాబాయ్?

అప్పటికే నీకు ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లో పొడి పేరుకుందన్నారు. ఆసుపత్రికి నాలుగుసార్లు వచ్చాను. నాలుగుసార్లూ ఈ మాట నోటిదాకా వచ్చింది. నువ్వు ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి, ఏ పాట ఏ శృతిలో ఎత్తుకోవాలో చెప్తూ ఉంటే... నేను తల ఊపి వచ్చేశాను.

నువ్వు పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో ఆ పాట వేశారు. పాస్టరు అయ్యగారు మైకులో, "మన సునీల్ వాయించిన ఈ పాటంటే రత్నం గారికి చానా ప్రాణం" అన్నారు. జనమంతా నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. దుఃఖం అనుకున్నారు. పక్కనున్నాయన నా భుజం నిమిరాడు కూడా. పిన్ని మాత్రం దగ్గరికి రాలేదు. తెల్లచీర కొంగు పట్టుకుని నన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత నాలుగు నెలలు మీ ఇంటి ముందు నుంచి కాక, వెనక సందులోంచి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు పిన్నే స్కూలు గేటు దగ్గరికి వచ్చింది. "ఇంటికి రారా, పనుంది" అంది. వెళ్తే, ఫోన్‌లో ఆ పాట పెట్టింది. నీ బిట్ మొదలవబోయే ముందు ఆపి, చెవి దగ్గర పెట్టుకోమంది. మళ్ళీ పెట్టింది. సన్నటి దగ్గు. బిగబట్టి, గొంతులోనే అణిచేసుకున్న దగ్గు. అన్నిసార్లు విన్నాను, నాకు ఎన్నడూ వినపడలేదు.

"పొద్దున్నే లేచి ఇదే ఇంటాను" అంది పిన్ని. "పాట కోసం కాదు, దీనికోసం. ఇరవై ఆరేళ్ళు పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలవదంట్రా ఈ దగ్గు ఎవురిదో?"

నేను ఏడ్చాను. పిన్ని ఓదార్చలేదు.

"ఆయన నాకు చెప్పలా. నేనూ అడగలా. నీ పేరుంటే ఉండనీ, దాంతో నాకు పన్లేదు. కానీ ఆ పలకని పట్టుకుని పనికిరాదన్నావే... ఆ మాట ఆయన రెండుసార్లు పెట్టుకుని ఇన్నాడు. రెండోసారి ఇన్నాక గిటారు గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టాడు. మళ్ళా తియ్యలా."

ఇది నాకు తెలియదు బాబాయ్. జబ్బు వల్ల మానేశావనుకున్నాను... అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

తరువాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. ఆ బిట్ వాయించింది రత్నం బాబాయ్ అని, పలక మీద ఒక్కసారికే వాయించాడని, నేను రెండేళ్ళుగా అబద్ధం ఆడుతున్నానని చెప్పాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. పొట్టేలు మాటకు నవ్విన ఆ సంఘపెద్దే, "ఆ మడిసి ఉన్నప్పుడు చెప్పాల్సింది గదయ్యా" అన్నాడు. అయ్యగారు నెల రోజులు స్టేజీ మీదకు రావద్దన్నారు. రెండు ఊళ్ళ వాళ్ళు కూటాలకు పిలవడం మానేశారు. పాట కింద పేరు మార్పించాను. ఆ వీడియో తీసేసి, జరిగింది చెప్తూ ఇంకొకటి పెట్టాను. అందులో చాలా చోట్ల తడబడ్డాను, అయినా అట్లాగే ఉంచాను. దాన్ని చూసినవాళ్ళు తక్కువ. అబద్ధాన్ని చూసినంత మంది నిజాన్ని చూడరేమో!

ఇంకొక సంగతి కూడా నిజమే చెప్పాలి. నాకు ఇప్పటికీ కొమ్ముల గిటారే ఇష్టం. పలక అంచు నా ముంజేతికి గుచ్చుకుంటుంది. నీ కోసమని ఇష్టం మార్చుకున్నానంటే, అది ఇంకో అబద్ధమవుతుంది. నా ఇష్టం నిలబడటానికి నీ ఇష్టాన్ని పడగొట్టాను చూడు, అదే నన్ను తినేస్తోంది.

పలకను నాకు ఇమ్మని పిన్నిని అడిగాను. "ఇయ్యను" అంది మొహం మీదే. "కావాలంటే ఈడికొచ్చి వాయించు." అందుకని శనివారాలు స్కూలు అయ్యాక వెళ్తున్నాను. తుప్పు పట్టిన తీగలు మార్చాను. నువ్వు కూర్చునే చోట కాకుండా గడప పక్కన కూర్చుంటాను. పిన్ని బియ్యంలో రాళ్ళు ఏరుతూ వింటుంది. తప్పులన్నీ వీధిలోకి వినపడుతున్నాయి. వినపడనీ.

మొన్న శనివారం నీ బిట్ మొదటిసారి చివరిదాకా తప్పు లేకుండా వాయించాను. తల ఎత్తి చూశాను, పిన్ని ఏమంటుందోనని. చేటలోంచి కళ్ళెత్తకుండానే అంది: "మూడో ముక్క దగ్గర అంత తొందరేందిరా? ఆయన ఆడ కాస్త ఆగేవోడు."

మళ్ళీ వాయించాను. "ఇంకాస్త" అంది. మళ్ళీ వాయించాను. "ఇంకా..."

నేర్చుకుంటాను బాబాయ్. ఎన్ని శనివారాలు పట్టినా, పిన్ని చాలన్నదాకా. అది వచ్చాక తోటకు వస్తాను. ఈసారి గేటు దగ్గర ఆగను.

క్షమించమని అడగడానికి ఇంకా నోరు రావడం లేదు.

నీ దగ్గర నేర్చుకుని, నీ మీదే అబద్ధమాడిన
సునీల్