పక్కటెముక మీది కట్టు విప్పెయ్

చౌడమ్మా, పాలు డెయిరీలో పోసేసి, అట్లే మా అక్కను పిలుచుకొని వస్తాను. పట్టుపురుగులకు ఆకు ఆమె వేస్తుంది, నువ్వు గంప ఎత్తొద్దు. ముందు ఆ నాటు వైద్యుడి కట్టు విప్పెయ్. ఎడమ పక్కటెముక ఎత్తుగా ఉండేది మన పెండ్లినాటి నుంచి చూస్తానే ఉండాను, ఆయన అనుకున్నట్టు అది దెబ్బ కాదు. ఆవు తన్నింది కుడి పక్క. నొప్పి ఒక చోట, కట్టు ఇంకో చోట! అంత బిగిస్తే ఊపిరి ఎట్లా ఆడుతుంది?

బేతమంగళ ఆస్పత్రికి పోదాము, చీర మార్చుకో. అంతలో ఆయాసం వచ్చినా, దగ్గితే రక్తం పడినా నా కోసం కాచుకోవద్దు, పక్కింటి మునేష్‌ను ఆటో తెమ్మను. "రేపు చూద్దాంలే" అని ఇంగొకసారి అన్నావంటే చూడు.

మొన్న నవ్వేటప్పుడు పక్క పట్టుకుంటివి. నిన్నటి నుంచి నవ్వడమే మానేసినావు.