ఎక్కలేకపోయిన బస్సు

అక్కా,

నిన్న బావగారు మీ ఊరి బస్టాండులో నా కోసం చూసి చూసి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. ఆయనకు నువ్వే ఎలాగో సర్దిచెప్పు. ఇది ఫోనులో నోరు తెరిచి చెప్పలేక రాస్తున్నాను.

పిల్లలకు బొమ్మలు కొని, పెట్టె సర్దుకుని బస్సు దాకా వెళ్లాను. సెలవులు కదా, లోపల ఒకటే నవ్వులు. అక్కడికొస్తే నేనూ అలా నవ్వాలి కదా అనుకోగానే కాళ్లు కదల్లేదు.

“ఎక్కుతారా అమ్మా?” అన్నాడు కండక్టరు.

“లేదండీ, మావాళ్లను ఎక్కించడానికి వచ్చాను,” అన్నాను.

ఒంట్లో బాగానే ఉంది. మనసే కొన్నాళ్లుగా బాగాలేదు. ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. “ఇది జబ్బమ్మా, బద్ధకం కాదు. మందులు వాడు. మీ ఇంట్లో ఒక్కరికైనా చెప్పు,” అంది. ఆ ఒక్కరూ నువ్వే. అమ్మకు చెప్పకు, పెళ్లి చేస్తే అన్నీ అవే సర్దుకుంటాయంటుంది.

వీలైతే నువ్వొక్కదానివే రా. నన్ను నవ్వించాలని చూడకు. తల దువ్వుకుని చాలా రోజులైంది, ఊరికే ముడేసుకుని తిరుగుతున్నాను. వచ్చి చిక్కు తియ్యి, చాలు. నువ్వొచ్చేసరికి లేచి తలుపు తీసే ఓపిక నాకు ఉండకపోవచ్చు. అందుకని పగలంతా గడియ వేయకుండా ఉంచుతాను.

నీ చెల్లి