పదమూడు రోజుల తేడా

1983 ఆగస్టు 30, మంగళవారం

కాలేజీలో చేరాను. ముప్ఫై ఒకటో ఏట. కమ్యూనిటీ కాలేజీయే, అయినా కాలేజీ కాలేజీయే. మంగళవారం పొద్దుట రేణు నర్సరీ స్కూల్లో ఉండే రెండున్నర గంటలు నావి. కోర్సు పేరు ఇంగ్లండు రాణులు, వాళ్ళ పెళ్ళిళ్ళు. కంప్యూటర్ కోర్సు తీసుకోవచ్చుగా వసూ, షికాగో పక్కన అరోరాలో కూర్చుని ఆ చచ్చిపోయిన రాణులతో నీకేం పని అన్నారు ఈయన. సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూకి ఇంగ్లీషు బాగుపడుతుందన్నాను. వెంటనే ఒప్పేసుకున్నారు.

ఈ నోట్‌బుక్కులో ముందువైపు క్లాసు నోట్సు, వెనకవైపు ఇది. హిస్టరీ అంటే ఈయనకి నిద్రొస్తుంది, తిరగేసి చూడరు.

సెప్టెంబరు 13

టీచరు మిసెస్ హాలొరన్. తెల్లటి జుట్టు, మగవాళ్ళ బూట్లు. తలా ఒక రాణి మీద పేపర్ రాయమంది. నేను కేథరిన్‌ని తీసుకున్నాను, ఎనిమిదో హెన్రీ మొదటి భార్య. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి, కూతుర్ని కన్నాక, మనకి అసలు పెళ్ళే కాలేదు పొమ్మన్నాడు రాజు. అతనికి కొడుకు కావాలి. ఆన్ బొలీన్ కూడా కావాలి. కేథరిన్ మాత్రం చచ్చేదాకా నేనే అసలు భార్యని అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో పప్పు మాడబెట్టాను.

ఈయనకీ ముందు ఒక పెళ్ళయింది. పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. క్లీవ్‌లాండ్‌లో లిండా అనే అమ్మాయి, రెండేళ్ళు, పిల్లల్లేరు, విడాకులు అయిపోయాయి అన్నారు. దాచుకోకుండా చెప్పారని అప్పుడు ఎంత మురిసిపోయానో.

సెప్టెంబరు 20

ఇద్దరి అప్లికేషన్లూ తెచ్చారు. ఎప్పటిలాగే నేను సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ మార్కు. ఇన్నేళ్ళూ నేను ఇంటూ కనబడితే సంతకం పెట్టేదాన్ని, పైన ఏముందో చూసేదాన్ని కాను. ఈసారి నాది నేనే నింపుతానన్నాను, ప్రాక్టీసుకి. నవ్వి సరే అన్నారు. భర్త మొదటి పెళ్ళి ఎప్పుడు రద్దయింది అనే గడి మాత్రం ఖాళీగా వదిలెయ్యి, నేను చూసుకుంటాను అన్నారు.

కాయితం ఏదైనా సరే మొదట తారీఖు చూడండి అని ఇవాళే చెప్పింది మిసెస్ హాలొరన్. మిగతావన్నీ అబద్ధాలాడతాయట.

సెప్టెంబరు 21, ఉదయం 10:40

ఈయన కాయితాలు దాచే ఇనప పెట్టె తీసి చూశాను. విడాకుల డిక్రీ మీద 1978 జులై 5.

మా పెళ్ళి జూన్ 22.

అదే రోజు, 11:15

మళ్ళీ చూశాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మారలేదు.

అంటే తెనాలిలో నా మెళ్ళో మూడు ముళ్ళు పడేనాటికి ఈయన ఇంకొకావిడ మొగుడు. పదమూడు రోజుల తేడా. నా పెళ్ళి చెల్లదు. నా వీసా ఆ పెళ్ళి మీద వచ్చింది. గ్రీన్‌కార్డు ఆ వీసా మీద వచ్చింది. అన్నీ ఒకే మేకుకి తగిలించిన బట్టలు. ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు రెండు కాయితాలూ పక్కపక్కన పెడితే చాలు. మరి రేణు ఎవరు? బెల్లు మోగితే తియ్యలేదు. తర్వాత చూస్తే పక్కింటావిడ గుమ్మంలో టొమాటోలు పెట్టి వెళ్ళింది.

సెప్టెంబరు 25, ఆదివారం

అడిగేశాను. రేణు పెరట్లో ఉయ్యాల ఊగుతోంది. కిటికీలోంచి దాన్ని చూస్తూ అడిగాను, ఆయన మొహం చూస్తూ అడగలేక.

ఆగకుండా మాట్లాడారు. మే నెలాఖరుకల్లా డిక్రీ చేతికొస్తుందన్నాడట లాయరు. జడ్జికి జబ్బు చేసి వాయిదా పడిందట. అప్పటికే ఈయన తెనాలిలో ఉన్నారు, సెలవు మూడు వారాలు. ఆ ముహూర్తం దాటితే గురు మూఢం, వెంటనే ఆషాఢం, శ్రావణం దాకా మంచి రోజు లేదు. శుభలేఖలు పంచేశారు. మీ నాన్నగారూ మా నాన్నగారూ ముహూర్తం ముహూర్తం అని నా ప్రాణం తీశారు, ఇవాళ కాకపోతే రేపొచ్చే కాయితమే కదా అనుకున్నాను వసూ అన్నారు.

మూఢం సంగతి అందరికీ కావలసి వచ్చింది. జడ్జి సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది.

వీసాకి రెండు కాయితాలూ పంపారట, ఎవరూ తారీఖులు చూడలేదట. ఈసారి మే అని రాసేద్దాం, డిక్రీ అడిగితే పోయిందందాం అన్నారు. నువ్వు గొడవ చెయ్యకు, చాలు అన్నారు.

నేను ఏ గొడవా చెయ్యలేదు. గిన్నెలు కడిగాను.

అక్టోబరు 4

క్లాసులో ఆన్ బొలీన్. హెన్రీ ఆమెని జనవరిలో రహస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. కేథరిన్‌తో పెళ్ళి చెల్లదని తీర్పు వచ్చింది మేలో. మిసెస్ హాలొరన్ రెండు తారీఖులూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి, చూశారా అంది. క్లాసంతా నవ్వారు.

ఇన్నాళ్ళూ నేను కేథరిన్ని అనుకుని ఆవిడ తరఫున కోపం తెచ్చుకుంటున్నాను. నేను ఆన్‌ని.

మూడేళ్ళకి రాజు ఆన్ తల కొట్టించాడు, దానికి రెండు రోజుల ముందు ఆమె పెళ్ళి కూడా చెల్లదన్నారు. ఆమె కూతురు ఎలిజబెత్‌కి మూడేళ్ళు కూడా నిండలేదు. రాజుగారి సక్రమ సంతానం కాదని చట్టం రాశారు. నోట్సులో ఇది రాసుకుంటుంటే పెన్ను కాయితాన్ని చింపేసింది. మా రేణుకి నాలుగు.

అక్టోబరు 11

పద్మిని వచ్చింది. నేపర్‌విల్‌లో ఉంటుంది, మాకు ఇక్కడ దగ్గర మనిషంటే ఆవిడే. మాటల్లో ఐసెలిన్ అనే ఊళ్ళో ఒక తెలుగు కుటుంబం సంగతి చెప్పింది. ఫారంలో ఏదో తప్పు రాశారట, ఏళ్ళ తర్వాత లెటర్ వచ్చిందట, పిల్లల్ని స్కూలు మధ్యలో మాన్పించి ఇండియాకి తీసుకుపోయారే పాపం అంది. ఏం తప్పని అడిగాను. ఏమో, ఏదో తారీఖు అనుకుంటా అంది. కాఫీ వలకబోశాను. ఒంట్లో బాలేదా అనడిగింది. అవునన్నాను.

అక్టోబరు 14

పోస్టు జీపు ఆగితే గుండె ఆగుతోంది. ఇవాళ లైట్లు వేసుకుని పోలీసు కారు మా వీధిలోకి వస్తే రేణుని ఎత్తుకుని బాత్‌రూమ్‌లోకి పరిగెత్తి గడియ పెట్టాను. వాళ్ళు ఎవరి కుక్క కోసమో వచ్చారు. ఎందుకు దాక్కున్నామమ్మా అంది రేణు. ఆట అన్నాను. మళ్ళీ ఆడదాం అంది.

అక్టోబరు 20, గురువారం

మొన్న క్లాసయ్యాక మిసెస్ హాలొరన్‌తో నా ఫ్రెండుకి ఒక సమస్య అని చెప్పాను. ఆవిడ నా మొహం చూసింది, ఏ ఫ్రెండు అని అడగలేదు. గురువారాలు కాలేజీకి ఫ్రీ లాయరు వస్తుంది, మీ ఫ్రెండుని వెళ్ళమనండి అంది.

ఇవాళ వెళ్ళాను. చిన్నపిల్ల, టెన్నిసు బూట్లేసుకుంది. ఆవిడ దగ్గర ఫ్రెండని అబద్ధం చెప్పలేకపోయాను. ఈ స్టేటులో, మొదటి పెళ్ళి అడ్డం తొలగిపోయాక ఇద్దరూ కలిసి కాపురం చేస్తే అప్పట్నించీ చట్టం భార్యాభర్తలుగానే చూస్తుందట. పిల్లకేం ఫరవాలేదట. అది విన్నాక బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పాపం టిష్యూల కోసం అన్ని సొరుగులూ వెతికింది.

కానీ ఇమిగ్రేషన్ వాళ్ళేమంటారో గ్యారంటీ ఇవ్వలేను అంది. అసలు తారీఖులే రాయండి, డిక్రీ జతచెయ్యండి, అనుమానం లేకుండా కోర్టులో ఇంకోసారి పెళ్ళి చేసుకోండి అంది. అబద్ధం తారీఖు కింద సంతకం పెడితే మాత్రం మిమ్మల్ని ఎవరూ కాపాడలేరు అంది.

అక్టోబరు 21

ఈయన ఒప్పుకోలేదు. మళ్ళీ పెళ్ళేంటి, నలుగురికీ తెలిస్తే నవ్విపోరూ అన్నారు. ఆ గడిలో మే అని ఆయనే రాశారు. కింద ఇంటూ పెట్టారు.

నేను సంతకం పెట్టలేదు.

అక్టోబరు 25

నాలుగు రోజులుగా మాటల్లేవు. ఉప్పు కావాలంటే రేణుతో అడిగిస్తున్నారు.

నవంబరు 1

భయాలు రాస్తే తగ్గుతాయంటారు. రాస్తున్నాను. నన్ను పంపేస్తారు. రేణుని ఉంచేస్తారు, ఇక్కడ పుట్టింది కనక. లేదా ఈయన, మనకసలు పెళ్ళే కాలేదు పొమ్మంటారు. అంటే తప్పేముంది? కాలేదుగా. నేనే ఆ మాట ముందు అనొచ్చు. అని ఎక్కడికి వెళ్తాను? నాకు హైవే మీద కారు నడపడం కూడా రాదు.

తగ్గలేదు.

నవంబరు 8

ఆఖరి భార్య, కేథరిన్ పార్. రాజుతో మతం గురించి వాదించేది. ఆమెని పట్టుకురమ్మని అతను సంతకం పెట్టాడు. ఎవరి చేతిలోంచో ఆ కాయితం జారిపడి ఆమెదాకా వచ్చింది. భయంతో జబ్బుపడింది. తర్వాత లేచి నేరుగా అతని గదికే వెళ్ళింది. మీ కాలి నొప్పి మరిపించడానికి వాదించాను, మీ దగ్గర నేర్చుకుందామని వాదించాను అంది. కరిగిపోయాడు. మర్నాడు భటులు వస్తే వాళ్ళనే తిట్టి పంపాడు.

క్లాసులో కుర్రపిల్లలకి ఆవిడ నచ్చలేదు. సిగ్గులేదు అన్నారు. వాళ్ళకింకా పెళ్ళిళ్ళు కాలేదు.

నవంబరు 9

పార్ చేసినట్టే చేశాను. వాదించలేదు. ఫారం తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. నాకు తెలీక అడుగుతున్నానండీ, మీరే చెప్పాలి, ఆఫీసరు రెండు కాయితాలూ పక్కపక్కన పెడితే నేనేమనాలి? రేణుని ఎవరి దగ్గర వదిలి రావాలి? ఏ ఊరికి టిక్కెట్టు కొనుక్కోవాలి? ఒక్కొక్కటీ నెమ్మదిగా అడిగాను. నేర్చుకుంటానన్నాను.

మూడో ప్రశ్నకి ఆయన కళ్ళజోడు తీసేశారు. ఐదేళ్ళుగా గవర్నమెంటు కవరు ఏదొచ్చినా గరాజ్‌లోకి తీసుకెళ్ళి, అక్కడ నిలబడి విప్పుతున్నారట. నీకు తెలిస్తే వెళ్ళిపోతావనుకున్నాను వసూ అన్నారు. ఈ మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. జాలేసింది. కోపం మాత్రం పోలేదు, జాలి పక్కనే కూర్చుంది.

మే అనే మాట ఆయనే కొట్టేశారు. జులై 5 అని రాశారు.

నవంబరు 18, శుక్రవారం

కౌంటీ కోర్టు. రేణుని పద్మిని దగ్గర వదిలాం, డెంటిస్టని చెప్పి. ఆకుపచ్చ పట్టుచీర మీద వింటర్ కోటు. మా ముందు ఒక జంట హైస్కూలు పిల్లల్లా ఉన్నారు, చూయింగ్‌గమ్ నములుతూ పెళ్ళి చేసుకున్నారు.

జడ్జి ఆయన్ని అడిగాడు. వెంటనే ఐ డూ అన్నారు. తర్వాత నన్ను అడిగాడు, ఈయన్ని భర్తగా తీసుకుంటావా అని. గోడ గడియారం చప్పుడు వినబడింది. జడ్జి కంగారేం లేదు, ఆలోచించుకో అన్నాడు. నిజంగానే ఆలోచించాను. తెనాలి, గరాజ్, ఉప్పు, రేణు, అన్నీ. నేను వద్దంటే ఇక్కడ ఎవరూ నన్ను బలవంతపెట్టరు.

ఆ తర్వాత సరే అన్నాను. కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకున్నానని కారు దగ్గరికొచ్చాక చూసుకున్నాను.

1984 ఏప్రిల్ 12

షికాగో. ఇంటర్వ్యూ అయింది. ఇద్దరం పాస్.

ఆఫీసరు ఇద్దర్నీ ఒకేసారి కూర్చోబెట్టాడు. డిక్రీ చదివాడు. తెనాలి సర్టిఫికెట్టూ కోర్టు సర్టిఫికెట్టూ పక్కపక్కన పెట్టాడు. ఈ రెండింటిలో మీ పెళ్ళి ఏది అన్నాడు. ఈయన చెప్పబోతే, మిమ్మల్ని కాదు, ఆవిడని అన్నాడు.

రెండోది అన్నాను.

ఆయన నావైపు తిరిగి చూశారు. చూడనీ. మొదటిదాంట్లో నన్నెవరూ అడగలేదు.