యాభై రెండో ఎపిసోడ్ కింద ఏముంది

మార్చి 3, ఆదివారం

నేను ప్రేమలో ఉన్నానట. అమ్మ పిన్నికి ఫోన్లో చెబుతుంటే విన్నాను. ఆదివారం పదకొండయ్యేసరికి తలుపేసుకుంటుందే, లోపల్నించి ఒకటే నవ్వులు, ఏమిటే అంటే ఏమీ లేదంటుంది, ఏమీ లేకపోతే మొహం అలా వెలుగుతుందా, అని. అబ్బాయి ఏం చేస్తాడని పిన్ని అడిగినట్టుంది. అది తెలిస్తే నీకింతసేపు చెప్పకుండా ఆగుతానా అంది అమ్మ.

అబ్బాయి ఏం చేస్తాడో నేను చెప్పగలను. ఏమీ చేయడు, రిటైరయ్యాడు. బస్ కండక్టరు, అరవై నాలుగేళ్ళు. రెండో అబ్బాయికి టీవీలూ వీసీఆర్‌లూ బాగుచేసే షాపుంది, బట్టతల. మూడో అబ్బాయి లెక్కల టీచరు. ఆవిడకి ఇద్దరు మనవలు.

ఇరవై ఐదేళ్ళొచ్చాయి, డిగ్రీ మీద డిగ్రీ చేశాను, మూడు ఉద్యోగాలు మారాను. ఇంట్లో వాళ్ళకి నా గురించి ఊహించడానికి ప్రేమ తప్ప ఇంకేదీ తట్టలేదు.

మేం నలుగురం మాట్లాడుకునేది ఒక సీరియల్ గురించి. పేరు 'లిఫ్ట్ పనిచేయదు'. ఇరవై నాలుగేళ్ళ కిందట గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చేది. ఐదంతస్తుల బిల్డింగు, పాడైన లిఫ్టు, మెట్లెక్కుతూ తగువులాడుకునే మనుషులు. మొత్తం యాభై రెండు ఎపిసోడ్లు. టీవీ స్టేషన్ వాళ్ళు ఆ టేపులు చెరిపేసి వేరేవాటికి వాడుకున్నారు. ఇప్పుడున్నవన్నీ జనం ఇళ్ళల్లో రికార్డు చేసుకున్నవే. అవి వెతికి, అతికించి, కాపీ చేస్తాం. యాభై ఒకటి దొరికాయి. చివరిది దొరకలేదు.

నేను ఇందులోకి వచ్చిందీ ప్రేమవల్ల కాదు. ఇస్త్రీపెట్టె బాగుచేయించడానికి మెకానిక్ గారి షాపుకి వెళ్తే తొమ్మిదో ఎపిసోడ్ ఆడుతోంది. గంటన్నర నిలబడి చూసి, ఇస్త్రీపెట్టె అక్కడే మర్చిపోయి వచ్చాను.

రిజిస్టరు రాసే పని నాది. ప్రతి ఎపిసోడ్‌కీ మూడు గళ్ళు. ఎవరు రికార్డు చేశారు. ఎక్కడ తెగింది. కింద ఏముంది. ఈ మూడో గడి నాకిష్టం. పాత క్యాసెట్ మీదే జనం మళ్ళీ రికార్డు చేసేవాళ్ళు కదా, ఎపిసోడ్ అయిపోగానే అడుగునున్నది బయటపడుతుంది. ఒకరింట్లో పెళ్ళి. ఒకరింట్లో ఇంగ్లిష్ పాఠం. ఒకరింట్లో ఎవరివో ఖాళీ మెట్లు, పదకొండు నిమిషాలు.

మార్చి 6, బుధవారం

నాన్న మళ్ళీ క్యాసెట్ సంగతి ఎత్తారు. నా మొదటి పుట్టినరోజు వీడియో. నాన్నమ్మ కదులుతూ కనిపించేది దాంట్లో ఒక్కదాంట్లోనేనట. మొహానికి ఫోటోలున్నాయమ్మా, నడక ఎక్కడుంది, అన్నారు. కుడికాలు కాస్త విసిరి నడిచేదట ఆవిడ. నాన్న డిపోలో టైమ్ కీపరు. బస్సు నిమిషం ఆలస్యమైతే గుర్తుంటుంది, సొంత తల్లి నడక మాత్రం జారిపోతోందని ఆయన బాధ.

పాత టేపు, ఆడిస్తే తెగుతుంది, ఉన్నదీ పోతుంది, అంది అమ్మ. ఏటా ఇదే మాట. వీసీఆర్ పాడైననాడు బాగుచేయించనివ్వనిదీ ఆవిడే.

మార్చి 10, ఆదివారం

ఇవాళ్టి కాల్ రెండు గంటలు నడిచింది. మొదట ట్రివియా, సీరియల్ చిల్లర సంగతులు. లిఫ్టు తలుపు ప్లైవుడ్‌దనీ, పదిహేడో ఎపిసోడ్‌లో దాన్ని లాగుతున్న చెయ్యి కనిపిస్తుందనీ అందరికీ తెలుసు. ఆ చేతికి వాచీ ఉందని టీచరు గారు కొత్తగా కనిపెట్టారు. ఇరవై మూడో ఎపిసోడ్‌లో పళ్ళ డాక్టరు వేషం వేసే నటుడు మారిపోయాడు. మనిషే మారిపోతే కథలో ఒక్కడూ ఇదేమిటని అడగలేదు, మా ఇంట్లోనూ అంతే, నేను మీసం తీసేస్తే నాలుగు రోజులకి గానీ కనుక్కోలేదు, అన్నారు కండక్టర్ గారు. వాచ్‌మన్ వేషం వేసినాయనకి నిజంగానే మడమ బెణికిందని, అందుకే ఐదు ఎపిసోడ్లు కుర్చీలోంచి లేవలేదని మెకానిక్ గారి వాదన. సాక్ష్యం లేదు. రిజిస్టరులో పెన్సిల్‌తో రాశాను.

తర్వాత జ్ఞాపకాలు. గురువారం ఎనిమిదిన్నర ట్రిప్పుకి బస్సంతా ఖాళీ అట. డ్రైవరూ నేనూ ఒకళ్ళకొకళ్ళం టికెట్ కొట్టుకున్నట్టు ఉండేది, అన్నారు కండక్టర్ గారు. టీచరు గారు ఆ అరగంటలో దిద్దిన పేపర్లకి మార్కులు ఎక్కువ పడేవట. ఆ బ్యాచ్‌లో ఇద్దరు ఇంజనీర్లయ్యారు, నా తప్పు కాదు, అన్నారు.

చివరి ఎపిసోడ్ దగ్గర ఎప్పటిలాగే గొడవ. లిఫ్టు బాగయి అందరూ ఎక్కి కిందకి దిగుతారని కండక్టర్ గారు. బిల్డింగు సెక్రటరీ అందులో ఇరుక్కుపోతాడని టీచరు గారు. అదేం కాదు, కరెంటు పోతుందని మెకానిక్ గారు. ముగ్గురూ కళ్ళారా చూసినవాళ్ళే, కండక్టర్ గారు ఆ రాత్రి సెలవు పెట్టి మరీ చూశారట. స్పీకర్ ఆన్‌లో ఉంది, తలుపు ఓరగా ఉంది, అవతల అమ్మ మిషన్ మీద జాకెట్లు కుడుతోంది.

మిషన్ ఆగింది. అమ్మ అక్కణ్ణించే అంది. అవేవీ కాదు, లిఫ్ట్ బాగుచేసేవాడు వస్తాడు, ఐదంతస్తులూ రొప్పుతూ ఎక్కి కాగితం తీసి చూసుకుంటే ఈ బిల్డింగు కాదు, పక్కది, మెట్లు దిగి వెళ్ళిపోతాడు, టోపీ మర్చిపోతాడు, ఆ టోపీ లిఫ్ట్ బటన్‌కి తగిలిస్తారు, అంతే కథ, పెద్దవాళ్ళయ్యుండి ఇంతసేపు ఏమిటా పోట్లాట, అని.

మిషన్ మళ్ళీ నడిచింది.

ఫోన్లో ముగ్గురూ ఒకేసారి, మీ అమ్మగారు చూశారా, అన్నారు.

మార్చి 11, సోమవారం

ఆ సీరియల్ తనెప్పుడూ చూడలేదట. ఎవరో చెప్పగా విన్నదట. ఎవరు అంటే పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళింది. స్టవ్ మీద పాలు లేవు.

మార్చి 14, గురువారం

అమ్మ దారాలు కొనడానికి వెళ్ళిన అరగంటలో నాన్న బీరువాలోంచి, చీరల మధ్యనుంచి, క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టారు. దొంగతనం చేసినవాడిలా చెమటలు. మీ మెకానిక్ చేత ఫోన్లో చూసుకునేలా చేయించు, తెగితే నా పేరు చెప్పు, అన్నారు.

నా గదిలో పరీక్షగా చూశాను. ఇలాంటి క్యాసెట్‌కి ఒక మూల చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఇక దాని మీద రికార్డు చేయడం కుదరదు. వీడియో తీసినాయన విరిచే ఇచ్చాడు. ఆ కన్నం మీద ఎవరో సెలోటేప్ అంటించారు. అలా అంటిస్తే మళ్ళీ రికార్డు చేయొచ్చు, ఆ కాలంలో అందరికీ తెలిసిన కిటుకు. సెలోటేప్ అంచు పళ్ళు పళ్ళుగా తెగి ఉంది. గుడ్డ అంచులు పీచు రాకుండా టైలర్లు వాడే కత్తెరతో కత్తిరిస్తే అలా వస్తుంది.

మా ఇంట్లో టైలరు ఒక్కరే.

మార్చి 16, శనివారం. మధ్యాహ్నం 3

తెగుతుందని ఇన్నేళ్ళూ ఆడించలేదని చెప్పి ఇచ్చాను. మెకానిక్ గారు క్యాసెట్ మూత ఎత్తి టేపు చూశారు. దీన్ని ఎప్పుడూ ఆడించలేదన్నది ఎవరమ్మా, అన్నారు. బాగా అరిగింది, నలభై యాభై సార్లయినా ఆడి ఉంటుంది, అన్నారు.

ఆడించారు. రెండు సెకన్ల గీతలు. తర్వాత ప్లైవుడ్ లిఫ్టు తలుపు.

ఎపిసోడ్ యాభై రెండు. ఎక్కడా తెగలేదు. మధ్యలో ప్రకటనలు కూడా ఉన్నాయి, సబ్బు, పంఖా, మళ్ళీ అదే సబ్బు. లిఫ్ట్ బాగుచేసేవాడు వచ్చాడు. కాగితం తీశాడు. దిగి వెళ్ళాడు. టోపీ బటన్‌కి తగిలించారు. మెకానిక్ గారు స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని మళ్ళీ తీసి తుడుచుకున్నారు. కరెంటు పోలేదమ్మా, ఇరవై నాలుగేళ్ళు కరెంటు పోయిందనే తిరిగాను, అన్నారు.

ముప్ఫై నిమిషాలకి ఎపిసోడ్ అయిపోయింది. కిందున్నది బయటికొచ్చింది. నా పుట్టినరోజు చివరి ఎనిమిది నిమిషాలు. కెమెరామన్‌కి తినేవాళ్ళ నోళ్ళంటే ప్రీతి లాగుంది, ఐదు నిమిషాలు అవే. తర్వాత ఖాళీ హాలు, మడత కుర్చీలు. ఒకావిడ వచ్చి రెండు కుర్చీలు చంకన పెట్టుకుని అటు తిరిగి వెళ్ళిపోయింది. కుడికాలు విసిరి.

తొమ్మిది సెకన్లు. వీపు మాత్రమే.

మిగతావాళ్ళకి ఎప్పుడు చెబుదామన్నారు మెకానిక్ గారు. వారం ఆగమన్నాను. అరవై ఏళ్ళు దాటినవాడితో ఇంత పెద్ద రహస్యం వారం మోయిస్తున్నావు, నాకేమైనా అయితే రిజిస్టరులో రాసుకో, అన్నారు.

మార్చి 18, సోమవారం

అమ్మకి చెప్పాను. చూశానని మాత్రమే. ఆవిడ బాబిన్ తీసి దారం చుట్టడం మొదలుపెట్టింది. నిండాక కూడా చుడుతూనే ఉంది.

తర్వాత తనే చెప్పింది. అప్పటికి ఇంట్లో తొమ్మిది మంది. వారం మొత్తంలో తనది అనుకున్నది ఆ గురువారం అరగంట. మిషన్ ముందు కూర్చుని చూసేది. చివరి ఎపిసోడ్ రోజున చుట్టాలు దిగారు. వంట, వడ్డన. చూడ్డం కుదరదని మధ్యాహ్నమే తెలిసిపోయింది. కొత్త క్యాసెట్ లేదు. పుట్టినరోజు క్యాసెట్‌లో ఇంకా బోలెడంత ఖాళీ ఉంది. కన్నం మీద సెలోటేప్ అంటించి, పుట్టినరోజు అయిపోయిన చోటు దాకా టేపు తిప్పి, వీసీఆర్‌లోనే పెట్టి ఉంచింది. ఎనిమిదిన్నరకి ఒక చేతిలో ట్రే, రెండో చేత్తో ప్లే, రికార్డు రెండు బటన్లూ నొక్కి వంటింట్లోకి పరిగెత్తింది, తొమ్మిదింటికి వచ్చి ఆపింది.

అంతకుముందే, సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చారు. ఏ క్యాసెట్ కనిపించినా మొదటికి తిప్పి పెట్టడం ఆయన అలవాటు. తిప్పి పెట్టారు.

మర్నాడు చూసుకుంటే ఎపిసోడ్ పుట్టినరోజు మీదే పడింది. చెబుదామనుకుందట. అప్పుడంత పెద్ద విషయంగా తోచలేదట. అత్తయ్య పక్క గదిలోనే ఉంది కదే, పక్క గదిలో ఉన్న మనిషి నడకని ఎవరు దాచుకుంటారు, అంది. ఆరు నెలలకి నాన్నమ్మ పోయింది. అప్పుడు విషయం పెద్దదైంది, చెప్పే వీలు చిన్నదైంది.

మరి యాభై సార్లు ఎందుకు చూశావన్నాను. బావుందే, అంది. సిగ్గుపడింది. అమ్మ సిగ్గుపడటం నేను మొదటిసారి చూశాను. వాచ్‌మన్ మడమ నిజంగానే బెణికిందట, అప్పటి వారపత్రికలో పడిందట. అది పెన్సిల్ నుంచి పెన్నులోకి మార్చాలి.

చివర్న అసలు మాట. బూజు పట్టిందని చెప్పు మీ నాన్నకి, క్యాసెట్లకి పడుతుందిగా, అంది. మొదటికి తిప్పింది తనేనని తెలిస్తే ఆయన తల్లిని తనే చెరిపేశానని కుమిలిపోతాడు, నువ్వు చూడలేవు, అంది.

బూజు అని చెబితే ఎపిసోడ్ కూడా బూజులోనే పోవాలి. కండక్టర్ గారిది నాన్న డిపోనే, ఇప్పటికీ వారానికి రెండుసార్లు కలిసి టీ తాగుతారు. ఎపిసోడ్ ఎవరింట్లో దొరికిందో ఒక్క గ్లాసు టీలో తెలిసిపోతుంది.

ఇందులో నాకు ఎవరి మీదా కోపం రాలేదు. రావాలేమోనని కాసేపు కూర్చుని చూశాను.

మార్చి 20, బుధవారం

నాన్నకి తొమ్మిది సెకన్లు మాత్రం ఫోన్లో చూపించాను. చొక్కా మార్చుకోకుండా, సంచి భుజాన్నుంచి దించకుండా చూశారు. పదిహేడుసార్లు. లెక్కపెట్టాను. ఇదే, ఇదే, చూశావా కాలు, అన్నారు. రెండు కుర్చీలు ఒకేసారి మోస్తోందే, ఒద్దన్నా వినేది కాదు, అని తెరని కోప్పడ్డారు.

మిగతాదేదీ, అన్నారు.

వంటింట్లో కుళాయి తిరిగింది. గిన్నెలన్నీ ఎప్పుడో కడిగేసి ఉన్నాయి.

ఆదివారం చెబుతానన్నాను. తెగిందా ఏమిటని అడిగారు. తెగలేదన్నాను. పద్దెనిమిదోసారి చూశారు.

మార్చి 21, గురువారం

నువ్వు నా కూతురివేనా అంది అమ్మ. ఏ సీరియల్‌లోనూ లేని డైలాగు కాదు.

మార్చి 22, శుక్రవారం. ఆఫీసు, లంచ్ టైమ్

అమ్మ ఇంకో దారి వెతికింది. ఫోన్ చేసింది. పోనీ తప్పంతా తనదేనని చెప్పమంది, టేపు తిప్పిన సంగతి వదిలేయమంది. సగం నిజం. అలా అయితే నాన్న ఆవిడని క్షమిస్తారు, ఆవిడ తలొంచుకుంటుంది, ఇల్లు యథాప్రకారం. తను తప్పు మోయడానికి సిద్ధంగానే ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా మోస్తూనే ఉంది.

నేను ఆలోచించాను. నాన్న అరవైకి దగ్గరపడ్డ మనిషి. మూడొందల బస్సులు వేళకి పంపే మనిషి. ఆయన్ని పసివాణ్ణి చేసి మేమిద్దరం కాపలా కాయడం ఎందుకు? కుమిలితే కుములుతారు. అది ఆయన తల్లి, ఆయన క్యాసెట్, ఆయన అలవాటు. కుమిలే హక్కు కూడా ఆయనదే.

పక్క సీటావిడ ఎవరితో అంత సీరియస్‌గా మాట్లాడుతున్నావు, బాయ్‌ఫ్రెండా, అంది. ఈవిడకీ ఇంకేదీ తట్టదు.

మార్చి 23, శనివారం

రేపు పదింటికి నాన్నకి మొత్తం చెబుతాను. సెలోటేపూ, తిప్పడమూ, రెండూ. అమ్మ ఎదురుగానే. పదకొండింటికి ఎపిసోడ్ గ్రూపుకి పంపుతాను, రికార్డు చేసినవారు మా అమ్మ అని రాసి. చెరిగిన పుట్టినరోజు నాది, నాకు అభ్యంతరం లేదు.

కాల్‌లో నువ్వూ కూర్చోమ్మా అన్నాను. చచ్చినా రానంది. కుర్చీ వేస్తాను.