దించాల్సింది బెంచీని

హెడ్మిస్ట్రెస్ హోదాలో ఉన్న పెద్దమ్మకు, రెండో తరగతి మాస్టారి హోదాలో ఉన్న మీ చెల్లెలి కొడుకు సవినయంగా విన్నవించుకునేది.

బెంచీ మీద కూర్చుని రోజంతా కాళ్ళూపుతోందని, చదువు మీద ధ్యాసే లేదని, మనమంతా 'ఊయల' అని పిలిచే పాపను సోమవారం నుంచి ఒకటో తరగతికి దించమన్నారు. మీ ఆజ్ఞ శిరసావహించే ముందు, స్టాఫ్ రూములో బీరువా ఎక్కి కూర్చుని పాఠం చదివి చూశాను. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే తొడలు తిమ్మిరెక్కాయి. రెండో పేజీకల్లా నేనూ ఊపడం మొదలుపెట్టాను.

"దిగండి సార్, పిల్లలు చూస్తే పరువు పోద్ది!" అని ఆయా మొత్తుకుంది.

దిగి, వడ్రంగిని పిలిపించి, పాప కూర్చునే బెంచీకీ, ముందున్న బల్లకీ కాళ్ళు జానెడు కోయించాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

పాప కూర్చుంది. అరికాళ్ళు రెండూ ఆనించి, కిందికి చూసుకుని, "సార్, నేల వచ్చింది!" అంది. తర్వాత కూడబలుక్కుంటూనే అయినా, పాఠం చివరిదాకా చదివింది.

కాబట్టి పెద్దమ్మా, దించాల్సింది పాపను కాదు, బెంచీలను. నా కాళ్ళు విరగ్గొడతానంటే సోమవారం స్వయంగా హాజరవుతాను. వడ్రంగిని మాత్రం పంపెయ్యకండి.

ఇట్లు,
మీ ఇంటి ఎత్తు కుర్చీలో కాళ్ళూపి మొట్టికాయలు తిన్న మీ అబ్బాయి